నెలకు 28 రోజులు, రోజుకు ఒకటిన్నర జీబీ: మా ఇంటి సిమ్‌ల మీద ఏళ్ల తరబడి అనుభవం

ఏ కంపెనీ మంచిది, ఏది చెడ్డది అని తేల్చడానికి ఈ సమీక్ష రాయడం లేదు. నేను వాడే నెట్‌వర్క్ పేరు కూడా రాయడం లేదు. నా కోపం ప్రీపెయిడ్ ప్లాన్లు తయారుచేసే పద్ధతి మీద, ఆ పద్ధతి ఇంచుమించు అందరిదీ ఒకటే కాబట్టి పేరుతో పనిలేదు. మా ఇంట్లో నాలుగు నంబర్లున్నాయి. నాదీ మా ఆవిడదీ హైదరాబాద్‌లో, నిజాంపేట్‌లో. అమ్మ, నాన్న సత్తుపల్లి దగ్గర పల్లెలో ఉంటారు. నాలుగింటికీ రీచార్జ్ చేసేది నేనే, పదేళ్లకు పైగా. ఏ నంబర్ ఎప్పుడు అయిపోతుందో, ఎవరికి ఎంత మిగిలిపోతుందో, ఎవరికి సరిపోదో నాకు బాగా తెలుసు.

ముందు మంచి చెప్పాలి. 2016 సెప్టెంబర్ 5న జియో రాకముందు నెలకు 1 జీబీ డేటాకి 250 రూపాయల దాకా పెట్టేవాళ్లం, ఫోటో డౌన్‌లోడ్ చేయాలన్నా ఆలోచించి నొక్కేవాళ్లం. కాల్స్‌కి వేరే డబ్బులు. ఈరోజు మా అమ్మాయి ఊళ్లో ఉన్న తాతయ్యతో వీడియో కాల్‌లో అరగంట మాట్లాడుతుంది, ఎవరూ గడియారం చూడరు. ఈ మార్పు చాలా పెద్దది, దాన్ని తక్కువ చేయను. సిటీలో సిగ్నల్, స్పీడ్ రెండూ బాగానే ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర, పార్కింగ్‌లో తప్ప ఇబ్బంది లేదు. నెట్‌వర్క్ వరకే అయితే 5కి 4 వేస్తాను. ప్లాన్ల విషయంలో 1 కంటే ఎక్కువ వేయలేను.

అన్నిటికంటే ఎక్కువ ఒళ్లు మండించేది రోజు కోటా. జియో ఫ్రీగా ఇచ్చిన రోజుల్లో ముందు రోజుకు 4 జీబీ, తర్వాత 2017 జనవరి నుంచి 1 జీబీ అన్నారు. నాకు రోజు కోటా పరిచయమైంది అప్పుడే. ఫ్రీ కాబట్టి ఎవరూ అడగలేదు. ఇప్పుడు డబ్బులు కట్టి కొంటున్నా అదే పద్ధతి. సోమవారం నుంచి శుక్రవారం దాకా నాకు ఆఫీసులో వైఫై, ఇంట్లో ఫైబర్. మొబైల్ డేటా వాడేది మెట్రోలో, బయట తిరిగినప్పుడు మాత్రమే, సగం కూడా ఖర్చవదు. ఊరికి వెళ్తే మాత్రం వైఫై ఉండదు, ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ పెట్టాలి, పిల్లకి ఏదో ఒక వీడియో కావాలి, మధ్యాహ్నం భోజనాల వేళకే "మీ డేటా 90 శాతం అయిపోయింది" అని మెసేజ్. ఆ తర్వాత స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, వాట్సాప్‌లో అక్షరాలు వెళ్తాయేమో గానీ ఫోటో వెళ్లదు, ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది. వారమంతా వాడకుండా వదిలేసిన డేటా నా డబ్బులతో కొన్నదే. బియ్యం కిలో కొని అరకిలో వండుకుంటే మిగతా అరకిలో అర్ధరాత్రి కొట్టువాడొచ్చి పట్టుకుపోడు కదా, మరి ఇక్కడెందుకు 12 కొట్టగానే మిగిలిందంతా పోవాలి?

అయిపోయాక మళ్లీ కొనుక్కోమంటారు, దాని రేటు చూడండి. కంపెనీలు బయటపెట్టిన ధరలతోనే లెక్కేస్తాను. 2024 జూలై పెంపు తర్వాత ఎయిర్‌టెల్‌లో రోజుకు 1.5 జీబీ, 28 రోజుల ప్లాన్ 349 రూపాయలు. మొత్తం 42 జీబీ, అంటే జీబీ 8 రూపాయల 30 పైసలు పడింది. అదే పెంపులో ఒక్కరోజు కోసం అదనంగా వేసుకునే 1 జీబీ ప్యాక్ 22 రూపాయలైంది. జియోలో 299 ప్లాన్‌లో జీబీ 7 రూపాయల పైచిలుకు, అదనపు 1 జీబీ 19. నిన్న నా ఖాతాలో మిగిలి రద్దయిన జీబీనే ఇవాళ రెండున్నర రెట్లు పెట్టి మళ్లీ కొంటున్నాను.

మిగిలింది దాచి ఇవ్వడం సాంకేతికంగా కుదరదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వొడాఫోన్ ఐడియా 2020 నుంచి కొన్ని ప్రీపెయిడ్ ప్లాన్లలో వారంలో మిగిలిన డేటాని శని, ఆదివారాలకు కలిపి ఇస్తోంది. పోస్ట్‌పెయిడ్‌లో అయితే మిగిలింది వచ్చే నెలకు కలపడం ఎప్పట్నుంచో ఉంది. మిగతా పెద్ద కంపెనీలు ప్రీపెయిడ్ వాళ్లకు అది ఇవ్వడం లేదంటే, ఇవ్వాల్సిన అవసరం వాళ్లకు కనపడటం లేదని అర్థం. ఈ దేశంలో ఎక్కువమంది వాడేది ప్రీపెయిడే.

ఇక 28 రోజులు. జీతం నెలకొకసారి వస్తుంది, అద్దె నెలకొకసారి కడతాం, పాలవాడికి నెలకే లెక్క. ఫోన్‌కి మాత్రం నెలంటే నాలుగు వారాలు. అందువల్ల ఏడాదికి 12 కాదు, 13 రీచార్జ్‌లు. నాలుగు నంబర్లున్న ఇంట్లో ఆ పదమూడోది తడిసి మోపెడవుతుంది, పైగా తేదీ ప్రతిసారీ ముందుకు జరుగుతూ ఉంటుంది కాబట్టి గుర్తు పెట్టుకోవడం ఒక టెన్షన్. జనం మొత్తుకోగా మొత్తుకోగా టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాన్ ఒకటి ఉంచాలని ఆదేశించింది. ఆ ప్లాన్లు ఉన్నాయి, కానీ రీచార్జ్ యాప్ తెరిస్తే పైన కనిపించవు, కిందకి జరుపుకుంటూ వెతకాలి. 2024 జూలై ధరల్లో జియోలో రోజుకు 1.5 జీబీ 28 రోజులకు 299 అయితే, క్యాలెండర్ నెల ప్లాన్ 319. ఇరవై ఎక్కువ కదా అనిపిస్తుంది, కానీ 299ని 13తో, 319ని 12తో గుణించి చూడండి: 3,887, 3,828. నెల ప్లానే చవక, పైగా 28 రోజుల వాటిని పదమూడుసార్లు వేయించినా 364 రోజులే వస్తాయి.

మూడు నెలల ప్లాన్లు ఇంకా చవక, అది నిజమే. అవే 2024 జూలై ధరల్లో ఎయిర్‌టెల్ 349 మూడుసార్లు వేస్తే 1,047, అదే డేటాతో 84 రోజుల ప్లాన్ 859. నేను కట్టగలను కాబట్టి నాకు 188 మిగులుతుంది. మా ఊళ్లో పామాయిల్ తోటల్లో గెలలు కోసే వాళ్లు ఒకేసారి 859 తీసి ఫోన్‌కి పెట్టలేరు. వాళ్లు నెలకే వేయించుకుంటారు, ఒక్కోసారి అయిపోయాక నాలుగు రోజులు ఆగి కూలి డబ్బులు చేతికొచ్చాక వేయించుకుంటారు. గంపగుత్తగా కొనేవాడికి చవక అన్నది ఏ వ్యాపారంలోనైనా ఉండేదే, నాకు తెలుసు, కానీ ఫోన్ లేకపోతే పనికి పిలుపే రాని మనుషుల దగ్గర ఎక్కువ రేటు తీసుకోవడం నాకు మింగుడు పడటం లేదు.

అసలు ఇంత రాయడానికి కారణం మా అమ్మ ఫోన్. అమ్మది చిన్న ఫోన్, బటన్లది. ఇంటర్నెట్ లేదు, వద్దంటుంది కూడా. ఆమెకి కావలసింది మేం చేస్తే ఎత్తడం, తమ్ముళ్లతో అప్పుడప్పుడు మాట్లాడటం, గ్యాస్ సిలిండర్ ఓటీపీ, బ్యాంకు మెసేజ్‌లు. 2006 ప్రాంతంలో లైఫ్‌టైమ్ కార్డులని అమ్మేవారు, ఒకసారి కొంటే ఇన్‌కమింగ్ ఎప్పటికీ వస్తుందని. అది పోయింది. 2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కనీస రీచార్జ్ తెచ్చాయి, 28 రోజులకు 35 రూపాయలు, లేకపోతే ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది. ఆ తర్వాత ఎయిర్‌టెల్‌లో ఆ 35 కాస్తా 49 అయింది, 2021 జూలైలో 79, అదే ఏడాది నవంబర్‌లో 99, 2023లో 155, 2024 జూలై తర్వాత 199. ఆ 199లో కాల్స్ అన్నీ కలిసే వస్తాయి, 35లో వచ్చింది కాస్త టాక్‌టైమ్ మాత్రమే, ఆ తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఇన్‌కమింగ్ మాత్రమే కావలసిన మనిషికి ఆ తేడాతో ఏం పని? ఏడాదికి 455 రూపాయలతో బతికే నంబర్‌కి 2,587 పెట్టాల్సి వచ్చింది. అందులో 2 జీబీ డేటా కూడా ఉంటుంది, అమ్మ ఫోన్లో అది వాడే వీలే లేదు.

2024 డిసెంబర్‌లో ట్రాయ్ మంచి పనే చేసింది. డేటా వద్దనుకునేవాళ్లకు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు ఇవ్వాలని, గడువు 365 రోజుల దాకా పెట్టొచ్చని నిబంధన తెచ్చింది. నేను చాలా ఆశపడ్డాను. 2025 జనవరిలో ప్లాన్లు వచ్చాక చూస్తే, అప్పటిదాకా 6 జీబీ డేటాతో 509కి ఉన్న 84 రోజుల ఎయిర్‌టెల్ ప్లాన్ డేటా తీసేసి 499 అయింది. పది రూపాయలు! జియోది 479 నుంచి 458. విమర్శలొచ్చాక ఎయిర్‌టెల్ 469కి, జియో 448కి తగ్గించాయి. ఏడాది ప్లాన్ ఎయిర్‌టెల్‌లో 1,849, జియోలో 336 రోజులకు 1,748. ఇవి 199 వేయించుకోవడం కంటే మేలే, అమ్మకి ఇప్పుడు ఇలాంటి 84 రోజులదే వేయిస్తున్నాను. కానీ వాటితోపాటు నెలకు వేయించుకునే కాల్స్ ప్యాక్ రాలేదు. చేతిలో 150 ఉన్న ముసలావిడ ఒకేసారి 450 దాకా కట్టాలి, లేదంటే వాడని డేటాతో 199ది తీసుకోవాలి.

గడువు దగ్గరపడే రోజుల్లో ఇంకో బాధ. అమ్మ ఎవరికి కాల్ చేసినా ముందు రికార్డు గొంతు వస్తుంది, మీ ప్యాక్ అయిపోతోంది, వెంటనే రీచార్జ్ చేయించుకోండి అని. ఆమె భయపడి నాకు ఫోన్ చేస్తుంది, ఫోన్ ఆగిపోతుందంట నాన్నా అని. ఇంకా ఉందమ్మా, కంగారు పడకు అంటాను. ఇది ప్రతిసారీ జరుగుతుంది. కస్టమర్ కేర్‌కి చేసి ఆ గొంతు ఆపమని అడిగితే అది సిస్టమ్ నుంచి వస్తుంది సార్, మా చేతిలో లేదన్నారు. డెబ్బై దాటిన మనిషిని ఇలా బెదరగొట్టడం న్యాయం కాదు.

నచ్చకపోతే పోర్ట్ పెట్టుకోవచ్చుగా అని అందరూ అంటారు. 2011 జనవరిలో నంబర్ మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం వచ్చినప్పుడు అది నిజంగా మన చేతిలో ఆయుధమే. అప్పుడు మన టెలికాం సర్కిల్లో (కంపెనీలు లైసెన్సు తీసుకునే ప్రాంతం) ఎయిర్‌సెల్, టాటా డొకోమో, యూనినార్, రిలయన్స్, ఐడియా, వొడాఫోన్, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్, సందు చివర షాపులో ఎవరి సిమ్ అడిగినా ఉండేది. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అనగానే నిమిషాల లెక్కన డబ్బులు గుంజుకునే వాళ్లంతా సెకన్లలోకి దిగొచ్చారు. పోటీ అంటే అది. ఇప్పుడు వాటిలో సగం లేవు. ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది, యూనినార్ టెలినార్ అయి ఎయిర్‌టెల్‌లో కలిసింది, డొకోమో కూడా అక్కడికే చేరింది, వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టులో ఒక్కటయ్యాయి, 2019 అక్టోబర్‌లో ఏజీఆర్ (ఆదాయం లెక్కన ప్రభుత్వానికి కట్టాల్సిన వాటా) బకాయిల మీద సుప్రీం కోర్టు తీర్పుతో ఆ కంపెనీ నడుం విరిగింది, బకాయిలు వాటాలుగా మార్చుకోగా మార్చుకోగా 2025కి అందులో 49 శాతం ప్రభుత్వం చేతికే వచ్చింది.

మిగిలినవాళ్లు పెంచేటప్పుడు ఎలా పెంచారో చూడండి. 2024 జూన్ 27న జియో ప్రకటించింది, మర్నాడు పొద్దున ఎయిర్‌టెల్, అదే రోజు సాయంత్రానికి వొడాఫోన్ ఐడియా. 2021 నవంబర్‌లోనూ అంతే, వారం పది రోజుల్లో ముగ్గురూ. పోర్ట్ పెట్టుకుని ఎక్కడికి పోవాలి? 5జీ స్పెక్ట్రమ్‌కి (సిగ్నల్ పంపే రేడియో తరంగాలకి) 2022 వేలంలో కంపెనీలన్నీ కలిపి లక్షన్నర కోట్లు ఒప్పుకున్నాయి, టవర్లు పెట్టాలి, ఆదాయం పెరగాలి అంటారు. పెంచమనండి, జీబీకి ఇంతని నేరుగా పెంచితే నేను కడతాను. కానీ పెంచిన వారంలోనే, అంతకుముందు చిన్న ప్లాన్లలో కూడా వచ్చిన అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, ఆపైన ప్లాన్లకే పరిమితం చేశారు. 5జీ ఫోన్ కొన్న మా ఆవిడ డబ్బులు ఎక్కువ కట్టి తక్కువ తీసుకుంది.

అప్పుడు చాలామంది బీఎస్ఎన్ఎల్‌కి వెళ్లారు, నాన్నకి కూడా ఒకటి తీసుకున్నాను. ధర తక్కువ, ఊళ్లో మాట స్పష్టంగా వినపడుతోంది, నాన్నకి అదే కావాలి. దేశీయ పరిజ్ఞానంతో కట్టిన వాళ్ల 4జీ నెట్‌వర్క్‌ని అధికారికంగా ప్రారంభించింది 2025 సెప్టెంబర్‌లో, అప్పటికి జియో, ఎయిర్‌టెల్ 5జీ మొదలుపెట్టి మూడేళ్లు. అదే ఐదేళ్ల ముందు వచ్చి ఉంటే ఈ ధరలు ఇలా ఉండేవి కావని నా గట్టి నమ్మకం. ప్రభుత్వ కంపెనీ బలంగా ఉంటే మిగతావాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు.

మారాలనుకునేవాళ్లకు ఒక మాట. ముందు ఆ కంపెనీ సిమ్ ఎవరిదైనా అడిగి మీ బెడ్‌రూమ్‌లో, వంటింట్లో, ఊళ్లో అయితే పొలం గట్టు మీద ఒకరోజు పెట్టి చూడండి, షాపు దగ్గర చూపించే స్పీడ్ నమ్మొద్దు. ఇంగ్లీషులో PORT అని రాసి ఖాళీ వదిలి మీ నంబర్ వేసి 1900కి మెసేజ్ పెడితే కోడ్ వస్తుంది, నాలుగు రోజులే పనిచేస్తుంది. రాష్ట్రాలు రెండయినా మనకి టెలికాం సర్కిల్ ఇంకా ఒకటే, కాబట్టి విజయవాడ నంబర్‌ని హైదరాబాద్‌లో మార్చుకున్నా మూడు పనిదినాలే. కొత్త కంపెనీకి మారాక 90 రోజులు అక్కడే ఉండాలి. కోడ్ అడిగిన వెంటనే పాత కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, యాప్‌లో ఎప్పుడూ కనిపించని ఆఫర్ చెప్తారు. నాకూ చెప్పారు. ఆ ధరకి ఇవ్వగలిగితే అందరికీ ఎందుకివ్వరని అడిగాను, అమ్మాయి ఏమీ అనలేదు, పాపం ఆమె మాత్రం ఏం చేస్తుంది.

ట్రాయ్‌ని నేను కోరేది రెండే. మిగిలిన డేటా కనీసం ఆ ప్యాక్ గడువు తీరేదాకా మనదిగా ఉండాలి. కాల్స్ మాత్రమే ఉండే ప్యాక్ నెలకి కూడా దొరకాలి, దాని ధర డేటా ప్యాక్ కంటే నిజంగా తక్కువ ఉండాలి. ట్రాయ్ ఏ నిబంధన మార్చినా ముందు సంప్రదింపుల పత్రం పెట్టి జనం అభిప్రాయం అడుగుతుంది, మెయిల్ పంపితే చాలు. ఈసారి వీటి మీద అడిగితే నేను అమ్మ ఫోన్ లెక్కలన్నీ రాసి పంపుతాను, మీ ఇంట్లో చిన్న ఫోన్ వాడేవాళ్లుంటే మీరూ పంపండి.