టెక్సాస్‌లో తుపాకీ లైసెన్సు: ఉన్నవారు, సాధారణ జనం

ఇక్కడ లైసెన్సు అంటే పిస్టల్ వంటి చేతి తుపాకీని బయట వెంట తీసుకెళ్లడానికి ఇచ్చేది.

నేరం: టెక్సాస్ పబ్లిక్ సేఫ్టీ శాఖ నివేదికల్లో శిక్ష పడినవారిలో లైసెన్సుదారుల వాటా ఒక శాతం లోపే. జనాభాలో వారి వాటా అంతకంటే చాలా ఎక్కువ.

అయితే ఇది లైసెన్సు మహిమ కాదు. వేలిముద్రలు, నేరచరిత్ర పరిశీలన దాటినవారికే ఆ కార్డు వస్తుంది. సాధారణ జనంలో పాత నేరస్థులూ ఉంటారు. జల్లెడ పట్టిన బియ్యాన్ని పట్టని బియ్యంతో పోల్చి రాళ్లు లెక్కపెట్టడం న్యాయం కాదు.

ఖర్చు: లైసెన్సుకు 40 డాలర్ల రుసుము, శిక్షణ ఫీజు అదనం. 2021 సెప్టెంబరు నుంచి అనర్హత లేని 21 ఏళ్లు నిండినవారికి లైసెన్సే అక్కర్లేదు.

శ్రమ: తరగతి, రాత పరీక్ష, ఆపై 3, 7, 15 గజాల నుంచి 50 తూటాలు కాల్చి చూపాలి. లైసెన్సు లేనివారికి ఏ పరీక్షా లేదు. నన్ను కలవరపెట్టేది ఇదే.

ఈ లైసెన్సును గుర్తించే ఇతర రాష్ట్రాలకు తుపాకీతో వెళ్లేవారికి, ఎన్నడూ కాల్చనివారికి లైసెన్సే మేలు. ఇంట్లోనే ఉంచుకునేవారికి దానితో పనిలేదు. హెచ్‌1బీపై ఉన్న మనవాళ్లకు మాత్రం, కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీయే నిషిద్ధం.