సింహం ఎటు చూస్తోంది: శ్రీలంక, మాల్దీవుల్లో జెండాల వెంట పది రోజులు

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. అట్లాసు చివర్లో ఉండే జెండాల పేజీ ముందు పెట్టుకుని రంగు పెన్సిళ్లతో వేసుకోవడం దానికి చిన్నప్పటి నుంచీ ఇష్టం. శ్రీలంక జెండా వేస్తూ ఒకరోజు అడిగింది: "నాన్నా, నాలుగు మూలల్లో ఆకులెందుకు? సింహం ఒక గదిలో, చారలు ఇంకో గదిలో ఎందుకున్నాయి?" చిత్తూరులో పాతికేళ్లుగా సాంఘిక శాస్త్రం చెబుతున్నవాణ్ణి. ఆకుల సంగతి చెప్పగలిగాను. గదుల సంగతి చెప్పలేకపోయాను. సంక్రాంతి సెలవులకు ముగ్గురం బయలుదేరడానికి అసలు కారణం ఆ ప్రశ్నే.

చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర కూడా పట్టదు. ప్రవేశ అనుమతికి ఇంటి దగ్గరే ఇంటర్నెట్టులో దరఖాస్తు పెట్టుకోవాలి. అదే పేరుతో ఎక్కువ డబ్బు గుంజే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి కాబట్టి ప్రభుత్వ వెబ్‌సైటు అవునో కాదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. కొలంబోలో వెల్లవత్తలో దిగాం. తమిళులు ఎక్కువగా ఉండే పేట అది. నాలుగడుగులు వేస్తే ఇడ్లీ, దోసె, శాకాహార భోజనం దొరుకుతాయి. మా ఆవిడ మాంసం తినదు కాబట్టి ఈ సౌకర్యం మాకు ముఖ్యం. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. సముద్రం పక్కనే రైలు పట్టాలు ఉండటంతో తెల్లవారక ముందే రైళ్ల చప్పుడు మొదలవుతుంది. నిద్ర తేలికగా చెదిరేవాళ్లు రోడ్డు వైపు గది అడగడం మంచిది.

మొదటి సాయంత్రం గాల్ ఫేస్ మైదానానికి వెళ్లాం. సముద్రపు ఒడ్డున పొడవాటి పచ్చిక, ఒక కొసన ఎత్తైన ధ్వజస్తంభం. ఆరు గంటలకు సైనికులు వరుసగా నడిచి వచ్చి జెండా దించారు. పుస్తకంలో అగ్గిపెట్టె మీది బొమ్మంత చూసిన జెండా గాలికి పెళపెళలాడుతూ తల మీద కనిపించేసరికి దాని కొలతలే వేరుగా అనిపించాయి. పసుపు అంచు మొత్తం చుట్టూ తిరిగి, మధ్యలో నిలువుగా దిగి, జెండాను రెండు గళ్లు చేస్తుంది. పెద్ద గడిలో ముదురు ఎరుపు మీద కత్తి పట్టిన బంగారు సింహం. కర్ర వైపు చిన్న గడిలో రెండు నిలువు చారలు: ఆకుపచ్చ ముస్లింలకు, కాషాయం తమిళులకు. సింహం ముఖం ఆ చారల వైపే.

మూలల్లో ఉన్నవి రావి ఆకులు. బౌద్ధంలో చెప్పే మైత్రి, కరుణ, ముదిత (ఎదుటివారి సంతోషానికి సంతోషించడం), ఉపేక్ష (సమభావం) అనే నాలుగు గుణాలకు గుర్తులు. అవి 1972లో, సిలోన్ శ్రీలంక రిపబ్లిక్కుగా మారిన ఏడాది, వచ్చి చేరాయి. సింహం మాత్రం చాలా పాతది. దాని కథ తెలియాలంటే కొలంబో జాతీయ మ్యూజియంలో కనీసం రెండు గంటలు గడపాలి. లంకలో చివరి దాకా స్వతంత్రంగా నిలిచిన కాండీ రాజుల సింహాసనం, బంగారు రేకు తాపడం చేసినది, కిరీటంతో పాటు అక్కడ ఉంది. బ్రిటిష్ వాళ్లు 1815లో కాండీని లొంగదీసుకున్నప్పుడు తీసుకుపోయిన ఆ సొత్తు 1934లో తిరిగి వచ్చింది. రాజు సింహధ్వజం కూడా అలాగే ఇంగ్లండు చేరింది. తమ జెండా ఎలా ఉండేదో కూడా జనం మరిచిపోయిన దశలో సిలోన్ స్వాతంత్ర్యోద్యమ నాయకుడు ఇ. డబ్ల్యూ. పెరేరా లండన్‌లోని చెల్సీ ఆసుపత్రిలో దాన్ని గుర్తించారు. రాజ్యం పోయి సరిగ్గా నూరేళ్లయిన 1915లో 'దినమిన' పత్రిక ఆ బొమ్మను అచ్చు వేసింది. 1948 ఫిబ్రవరి 4న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఎగిరింది ఆ సింహధ్వజమే. మ్యూజియం మెట్ల మీద కూర్చుని ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. "అయితే అప్పుడు చారలు లేవన్నమాట" అంది.

చారలు తర్వాత వచ్చాయి. సింహం ఒక్కటే ఉంటే అది సింహళీయుల జెండా అవుతుంది గానీ దేశం జెండా కాదన్న వాదన పుట్టి, ఒక కమిటీ వేశారు. చారలు చేర్చాలని ఆ కమిటీ చెప్పింది. 1951లో పార్లమెంటు ఆమోదించింది. కమిటీ సభ్యుడైన సెనేటర్ ఎస్. నడేశన్ మాత్రం ఒప్పుకోలేదు. చారలను సింహం చట్రానికి బయట నిలబెడితే అది ఐక్యతకు గుర్తు ఎలా అవుతుందన్నది ఆయన అభ్యంతరం. మా అమ్మాయి పెన్సిలు పట్టుకుని అడిగిన మాటనే ఆయన డెబ్బయ్యేళ్ల కిందట కాగితం మీద పెట్టారు.

కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి కాండీకి రైలు. ఈ ప్రయాణానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. రిజర్వు సీట్లు త్వరగా అయిపోతాయి, ముందే తీసుకోండి. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దొరికితే అదృష్టం. కడుగన్నావ దగ్గర రైలు కొండ ఎక్కుతుంటే లోయ అంతా కళ్ల కింద పరుచుకుంటుంది. మా ఎదుటి సీట్లో ఒక తమిళ పెద్దాయన కూర్చున్నారు. చిత్తూరు వాళ్లం కాబట్టి మాకు తమిళం మాట్లాడటం అలవాటే. పుస్తకంలో మా అమ్మాయి వేసిన జెండా చూసి ఆయన కాషాయం చార మీద వేలు పెట్టారు. "బడిలో మేం ఇలాగే చూపించుకునేవాళ్లం అమ్మా, ఇది మనది అని. సింహం మనవైపే చూస్తోంది కదా. అది కాపలా కాస్తోందా, కత్తి చూపిస్తోందా అన్నది ఒక్కో ఏడు ఒక్కోలా అనిపించేది" అన్నారు. 1983 నుంచి 2009 దాకా సాగిన యుద్ధం గురించి ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. దిగేముందు మా అమ్మాయి చేతిలో రెండు అరటిపండ్లు పెట్టారు. చారల అర్థం అడిగితే ఏ పుస్తకమైనా రెండు ముక్కల్లో చెబుతుంది. ఆ పెద్దాయన వేలు ఆ చార మీద ఆగిన తీరు మాత్రం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది.

కాండీలో చెరువుకు పైన, కొండ వాలు మీద ఒక ఇంటి విడిదిలో మూడు రాత్రులు ఉన్నాం. పేరు చెప్పను, ఎందుకంటే మంచీ చెడూ రెండూ ఉన్నాయి. ఫోటోల్లో చూపించిన గది వేరు, మొదటి రాత్రి మాకిచ్చిన గది వేరు. అడిగాక మర్నాడు మార్చారు. వేడినీళ్లు పొద్దున ఒక్కపూటే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ ఎక్కుడు కష్టం. అయితే ఆ ఇంటావిడ పెట్టిన పలహారం కోసం ఇంకో రెండు రోజులుండాలనిపించింది: వేడి ఇడియాప్పం, పప్పు, ఎర్ర మిరపకాయ వేసి నూరిన పచ్చి కొబ్బరి సంబోలు. ఆటోలకు ఫోనులో యాప్ వాడితే బేరం బాధ ఉండదు. దేవాలయం ముందు నిలబడ్డ ఆటోవాళ్లు చెప్పే ధర దాదాపు రెట్టింపు.

బుద్ధుని దంతధాతువు ఉన్న దలద మాళిగావలో సాయంత్రం ఆరున్నర పూజకు వెళ్లండి. డోళ్ల మోత గుండెల్లోకి దిగుతుంది. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. సార్క్ దేశాల వాళ్లకు టికెట్టు తక్కువ, పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. అక్కడ నీలం, పసుపు, ఎరుపు, తెలుపు, నారింజ చారల జెండాలు వరుసగా కట్టి ఉంటాయి. వాటిని చూసి దేశ జెండా అనుకునేవాళ్లున్నారు. అది 1885లో కొలంబోలో రూపుదిద్దుకున్న బౌద్ధ ధ్వజం.

ఆవరణలోనే చెక్కిన కొయ్య స్తంభాలతో మగుల్ మడువ అనే కొలువు మండపం ఉంది. 1815 మార్చి 2న కాండీ సర్దారులు బ్రిటిష్ వాళ్లతో ఒప్పందం చేసుకున్నది ఇక్కడే. ఆ రోజు రాజు లేడు. అంతకు దాదాపు రెండు వారాల ముందే పట్టుబడ్డాడు. అతను శ్రీ విక్రమ రాజసింహ. కన్నసామి అన్నది అతని చిన్ననాటి పేరు. ఇక్కడే నేను కాసేపు ఆగిపోయాను. 1739లో కాండీ సింహళ రాజు గద్దెకు అర్హుడైన వారసుడు లేకుండా పోతే, మదురై నుంచి వచ్చిన రాణి తమ్ముడు గద్దెనెక్కాడు. అప్పటి నుంచి 1815 దాకా కాండీని ఏలిన నలుగురూ నాయక రాజులే, తెలుగు మూలాలున్న కుటుంబం. ఈనాటి శ్రీలంక జెండా మీది సింహం ఆ చివరి నాయక రాజు ధ్వజం మీద ఉన్న సింహం.

విని పొంగిపోవడం తేలికే గానీ, మా అమ్మాయికి రెండో వైపు కూడా చెప్పాల్సి వచ్చింది. కాండీ అందానికి మూలమైన చెరువు తవ్వించింది ఈ రాజే. ఎదురుతిరిగిన సర్దారు ఎహెలేపొల భార్యాపిల్లలను 1814లో చంపించిందీ ఈ రాజే. ఆ పసివాళ్ల కథ కాండీలో ఇప్పటికీ కన్నీళ్లతో చెప్పుకుంటారు. మా విడిది ఇంటావిడ కూడా అదే చెప్పింది, "సింహం మాది, ఆ రాజు మాత్రం వద్దు" అని. బయటివాడని తోసిపుచ్చిన రాజు గుర్తునే తమదిగా నిలుపుకున్న దేశం అది. ఆ సింహం పక్కనే, ఇంకో గదిలో, చారలు.

అక్కడి నుంచి మాల్దీవులు. నిజం చెప్పాలంటే నాలుగు రోజులు ఎక్కువయ్యాయి, రెండు చాలు. జనవరి రద్దీ కాలం కావడంతో కాండీలో మూడు రాత్రులకు అయిన ఖర్చు ఇక్కడ ఒక్క రాత్రికే అయింది. రాజధాని మాలె నుంచి వేగపు పడవలో మాఫుషి చేరి, స్థానికులుండే ఆ దీవిలో ఒక చిన్న విడిదిలో ఉన్నాం. నీళ్ల రంగు గురించి అందరూ చెప్పేదంతా నిజమే. శాకాహారులకు మాత్రం కష్టం, పొద్దుటి పలహారంలో కూడా ట్యూనా చేప ఉంటుంది. మా ఆవిడ మూడు పూటలు రొట్టె, గుడ్డుతోనే సరిపెట్టుకుంది. ఊరగాయ సీసా తప్పకుండా తీసుకెళ్లండి.

మాలెలోని రిపబ్లిక్ స్క్వేర్‌లో పెద్ద జెండా ఉంది. ఎర్రటి బట్ట దేశం కోసం ప్రాణాలిచ్చినవారి రక్తానికి, మధ్యలోని ఆకుపచ్చ శాంతికీ సమృద్ధికీ, తెల్లని నెలవంక ఇస్లాముకూ గుర్తులు. పూర్వం కర్ర వైపున నలుపు తెలుపు ఏటవాలు చారలు ఉండేవి. ఇప్పటి రూపం స్వాతంత్ర్యం వచ్చిన 1965 జూలై నాటిది. ఇక్కడ నెలవంక అలంకారం కాదు, చట్టం. ప్రయాణికుడి పెట్టె దాకా వస్తుంది. మద్యం, పంది మాంసం సరే, పూజకు వాడే విగ్రహాలు కూడా దేశంలోకి తీసుకెళ్లకూడదు. మా ఆవిడ ఎక్కడికి వెళ్లినా వెంట ఉంచుకునే చిన్న వెండి వేంకటేశ్వరుణ్ణి ఈసారి ఇంట్లోనే వదిలి వచ్చింది. శుక్రవారం ప్రభుత్వ పడవలు తక్కువ, మధ్యాహ్నం దుకాణాలూ మూసేస్తారు. ముందే తెలిస్తే ఇబ్బంది లేదు. మాకు తెలియక, ఒక పూట అరటిపండ్లతో గడిపాం.

చెన్నైలో దిగి చిత్తూరుకు తిరిగి వచ్చే దారిలో వేలూరులో ఆగాం. పట్టుబడిన రాజును బ్రిటిష్ వాళ్లు 1816లో ఇక్కడికి తెచ్చి కోటలో ఉంచారు. పదహారేళ్లు ఇక్కడే బతికి, 1832లో ఇక్కడే పోయాడు. కోటలోని ప్రభుత్వ మ్యూజియం చూద్దామనుకున్నాం గానీ ఆ రోజు సెలవు. ఆటో మాట్లాడుకుని పాలారు ఒడ్డున ఉన్న ముత్తు మండపానికి వెళ్లాం. రాజు సమాధి అక్కడే. మేం తప్ప ఎవరూ లేరు. ఏరు ఎండి ఇసుక మేటలు వేసి ఉంది.

మా ఊరికీ ఆ సమాధికీ మధ్య సుమారు 35 కిలోమీటర్లు. వేలూరు ఆసుపత్రికి ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు, ఆ మండపం వైపు ఒక్కసారి కూడా రాలేదు. జెండాల పాఠం చెప్పిన ప్రతి ఏడూ ఈ రాజు ఇంత దగ్గర్లో ఉన్నాడు. మా అమ్మాయి గట్టు మీద కూర్చుని పుస్తకం తీసింది. ఈసారి సింహాన్ని, చారలను వేసి, మధ్యలోని పసుపు గీత దగ్గర పెన్సిలు ఆపింది. "ఇది కూడా వెయ్యాలా నాన్నా?" అంది. జెండాలో ఉంది కాబట్టి వెయ్యాలన్నాను. చాలా సన్నగా గీసింది.