దూలాల మిద్దెకి సౌండ్ తగ్గాలంటే పైన రబ్బరా, కింద సీలింగా?

ఒంగోలు, నెల్లూరు పాత వీధుల్లో చెక్క దూలాల మిద్దెలు ఇంకా ఉన్నాయి గదా, పైన పిల్లోళ్లు గంతులేస్తే కింద పడుకున్నోళ్లకి నిద్రుండదు. దీనికి రెండు దారులు, పైన ఫ్లోర్ మీద రబ్బర్ షీట్ వేసి దానిపైన ప్లైవుడ్ పరవడం, లేకపోతే కింద జిప్సం సీలింగ్ కొట్టించి లోపల రాక్‌వూల్ (రాతి పీచుతో చేసిన దూది లాంటి పొర) పెట్టడం.

అడుగుల చప్పుడుకైతే నా ఓటు రబ్బర్‌కే. దెబ్బ పడ్డ చోటే ఆపుతది, దూలంలోకి దిగనీయదు. కాకపోతే ప్లైవుడ్‌ని కిందికి మేకులు కొట్టి బిగించకూడదు, గోడకి తగలకుండా చుట్టూ 10 మి.మీ. సందు వదలాలి, మేకు దిగిందంటే చప్పుడు దాని గుండానే కిందికి పోతది. ఫ్లోర్ ఎత్తు పెరిగి తలుపులు కోయాల్సి వస్తది, అదొక తలనొప్పి.

మాటలు, టీవీ సౌండ్ అయితే సీలింగే మేలు, 12.5 మి.మీ. బోర్డు రెండు పొరలు, పైన 50 మి.మీ. రాక్‌వూల్. కానీ మనోళ్లు ఫ్రేమ్‌ని నేరుగా దూలాలకే బిగించేస్తారు, అప్పుడు సగం డబ్బు దండగే, ఫ్రేమ్‌ని వేలాడదీసే రబ్బర్ ఉన్న హ్యాంగర్లు అడగండి. చెదలు ఉంటే ముందే చూసుకోండి, సీలింగ్ పడ్డాక కనపడవు. లోపలి చెక్క గోడలకీ ఇదే లెక్క, స్విచ్ బాక్సులు మాత్రం రెండువైపులా ఎదురెదురుగా పెట్టొద్దు. థర్మాకోల్ అంటగట్టేవాళ్లని నమ్మొద్దబ్బా, దానికి బరువేదీ సౌండ్ ఆపడానికి? పోనీ చీమకుర్తి గ్రానైట్ బరువే గదా అని పైన పరిస్తే, బిందె పెట్టినా టంగుమని కిందికి వినిపిస్తది, దూలాలు దాన్ని మోస్తాయా లేదా అనేది ఇంకో గొడవ.