ఎల్‌పీఎస్ కోరల్స్‌కి గోపాల్‌పూర్ సముద్రపు నీళ్ళా, సాల్ట్ మిక్సా? ఏది మేలు?

మా బరంపురంలో రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియం) పెట్టాలనుకునే ప్రతి ఒక్కరూ ముందు ఇదే అడుగుతారు, దగ్గర్లోనే గోపాల్‌పూర్ సముద్రం ఉండగా నీళ్ళలో కలిపితే సముద్రపు నీళ్ళలా అయ్యే సాల్ట్ మిక్స్ బకెట్ డబ్బు పోసి కొనడం ఎందుకూ అని. న్యాయమైన మాటే. కానీ ట్యాంకులో హ్యామర్, టార్చ్, క్యాండీ కేన్ లాంటి పెద్ద పాలిప్‌ల రాతి పగడాలు, అదే ఎల్‌పీఎస్ ఉంటే నా ఓటు సాల్ట్ మిక్స్‌కే.

ఎల్‌పీఎస్ పైకి మెత్తగా ఉబ్బి కనిపిస్తుంది గానీ లోపలంతా గట్టి సున్నపు గూడు, అది కట్టుకోడానికి కాల్షియం, ఆల్కలినిటీ (నీళ్ళలో కరిగిన కార్బొనేట్ల కొలత) కావాలి. మంచి సముద్రపు నీళ్ళలో సాలినిటీ (ఉప్పదనం) కిలోకి 35 గ్రాములు, కాల్షియం లీటరుకి 410 మిల్లీగ్రాముల దరిదాపుల్లో, ఆల్కలినిటీ 7 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్) ఉంటాయి, వీటికి అది చాలు. నంబరు కొంచెం అటూఇటూ ఉన్నా ఓర్చుకుంటాయి, వారానికోసారి మారిపోతుంటేనే తట్టుకోలేవు. లైట్ వెలిగి చాలాసేపైనా హ్యామర్ విచ్చుకోకుండా, అంచు దగ్గర కండ కిందికి జారి తెల్లటి గూడు గీతలు గీతలుగా బయటపడుతుంటే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆల్కలినిటీ, సాలినిటీ చూడండి.

మన తీరంలో నీళ్ళు నిలకడగా ఉండవు, అదే అసలు చిక్కు. వానల్లో రుషికుల్య నది బురదంతా సముద్రంలోకే వస్తుంది. అది తేరుకున్నాక కూడా, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా గంగ, మహానది వైపు మంచినీళ్ళు తీరం వెంబడే దక్షిణానికి దిగుతాయి, చూడ్డానికి తేటగానే ఉంటాయి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో వేస్తే ఉప్పు తక్కువ చూపిస్తుంది. ఉప్పు తగ్గిందంటే కాల్షియం, ఆల్కలినిటీ కూడా తగ్గినట్టే, వంటింటి ఉప్పు కలిపితే అవి తిరిగి రావు.

ఫిబ్రవరి నుంచి మే దాకా అయితే సముద్రపు నీళ్ళు బాగుంటాయి, ఒప్పుకుంటాను. ఒడ్డున ముంచకండి, గోపాల్‌పూర్ పడవల వాళ్ళలో మన తెలుగోళ్ళు చాలామందే ఉన్నారు, అన్నా కొంచెం లోపల నింపి పెట్టు అంటే నింపిస్తారు. తెచ్చాక వడగట్టి, మూతపెట్టిన డ్రమ్ములో చీకట్లో పవర్‌హెడ్ (నీళ్ళు కదిలించే చిన్న పంపు) తిప్పుతూ కొన్నాళ్ళు ఉంచి, అమ్మోనియా టెస్ట్ చేసి అప్పుడు వాడాలి. పెద్ద ట్యాంకు, అన్నీ గట్టి గూడు లేని సాఫ్ట్ కోరల్సే అయితే ఇదే చవక.

సాల్ట్ మిక్స్‌లో తేడా కొట్టేది కలిపే నీళ్ళ దగ్గర. వంటింటి ఆర్‌ఓ సరిపోతుందనుకుంటారు, చాలా వాటిలో రుచి కోసం మామూలు నీళ్ళు కొంచెం కలిపే ఏర్పాటు ఉంటుంది, నీళ్ళలో కరిగినవి కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి, సున్నా రాదు. చివర డీఐ రెసిన్ (మిగిలిన లవణాలు పట్టేసే ఫిల్టర్) వేసుకోవాలి, లేకపోతే గోధుమరంగు పాచి వదలదు. 20 లీటర్లకి 700 గ్రాముల పైచిలుకు పడుతుంది, నీళ్ళలో ఉప్పు వేయండి, ఉప్పు మీద నీళ్ళు పోస్తే కాల్షియం తెల్లగా అడుగున పేరుకుంటుంది.

తుఫాన్ల సంగతి కూడా ఉంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, అలాంటి రోజుల్లో సముద్రం వైపు ఎవరు పోతారు? బకెట్ ఇంట్లో ఉంటే ఆ భయం లేదు.

నీళ్ళకి వెళ్ళినప్పుడు ఒడ్డున దొరికిందని కోరల్ మాత్రం తేకండి, రాతి కోరల్స్ అన్నీ 2001 నుంచి వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, కొనేటప్పుడు కూడా కాగితాలు అడగండి.

ఇప్పటికే సముద్రపు నీళ్ళ మీద నడుస్తున్న ట్యాంకైతే ఒక్కసారిగా మార్చొద్దు, కొన్ని సాల్ట్‌లు 11 డీకేహెచ్ దాటి వస్తాయి, 8 దగ్గర ఉండేది తీసుకుని వారానికి పది శాతం చొప్పున మార్చుకుంటూ రండి.