వారసత్వంగా వచ్చిన జంట గొట్టాల తుపాకి: హైదరాబాదులోని ఒక మరమ్మతు దుకాణంపై సమీక్ష

పాత తుపాకిని బాగుచేయించాలనుకునేవారిలో చాలామంది అది కొత్తదానిలా తళతళలాడాలని కోరుకుంటారు. హైదరాబాదులో నేను పని అప్పగించిన దుకాణం ఆ కోరికను మొదటి మాటలోనే తోసిపుచ్చుతుంది. వస్తువు ఏమిటో, ఏ కాలానిదో తేలేవరకు దానిమీద ఒక్క పనిముట్టు కూడా పెట్టకపోవడం వీరి పద్ధతి, నా దృష్టిలో వీరి గొప్పతనం కూడా అదే. పేరు రాయవద్దని యజమాని కోరినందువల్ల రాయడం లేదు.

మా తాతగారి నుంచి నాన్నగారికి, వారి నుంచి నాకు వచ్చిన డబుల్ బ్యారెల్ తుపాకి ఇది. సంచి విప్పకముందే వారు నా లైసెన్సు అడిగి, అందులోని వివరాలను తుపాకితో సరిచూసి, రిజిస్టరులో రాసుకున్న తరువాతే మిగిలిన మాటలు మొదలుపెట్టారు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారు మరణించాక వారసునికి లైసెన్సు ఇవ్వవచ్చు; లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా ఆయన వద్ద ఉన్నా, జీవించి ఉండగానే వారసుని పేరు సూచించవచ్చు. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత ఒక వ్యక్తి వద్ద రెండు తుపాకులకు మించి ఉండరాదు, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఇంట్లో పాత తుపాకి ఉన్నవారు మరమ్మతు కన్నా ముందు ఈ సంగతి చూసుకోవాలి.

గుర్తింపు పనిలో వారి శ్రద్ధను దగ్గరగా చూడగలిగాను. గొట్టాల మధ్య పట్టీ మీద మాంటన్ కంపెనీ, కలకత్తా అని చెక్కి ఉంటుంది. ఇది లండన్‌లో పేరుమోసిన జోసెఫ్ మాంటన్ స్వయంగా చేసిన తుపాకి అని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆయన 1835లోనే మరణించాడనీ, వెనుక నుంచి తూటా పెట్టే ఇటువంటి తుపాకులు ఆ తరువాతి కాలానివనీ యజమాని నిదానంగా వివరించారు. తరువాత గొట్టాలను విడదీసి, అడుగున పేరుకున్న జిడ్డును మెత్తని గుడ్డతో తుడిచి, భూతద్దం నా చేతికిచ్చారు. కిరీటం కింద అడ్డంగా వేసిన రెండు రాజదండాలు, వాటి సందుల్లో బీ, సీ, పీ అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. అది తుపాకి గొట్టాల బలాన్ని పరీక్షించి ముద్ర వేసేందుకు 1813లో ఏర్పడిన బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ వారి పాత ముద్ర, 1904లో దాన్ని మార్చారు. పక్కనే వజ్రాకారపు గీతలో 12 అంకె, దాని కింద సీ అక్షరం ఉన్నాయి. ఆ గుర్తు 1887 నిబంధనలతో వచ్చింది. అంటే తుపాకి 1887కూ 1904కూ మధ్య బర్మింగ్‌హామ్‌లో పరీక్షకు వెళ్లిందని, పట్టీ మీద ఉన్నది అమ్మిన దుకాణం పేరే తప్ప చేసిన కమ్మరి పేరు కాదని తేలింది. మా ఇంటి కథ నిలవనందుకు నాకు బాధ కలగలేదు. ఆధారంతో తెలిసిన నిజం దానికన్నా విలువైనదిగానే తోచింది.

గొట్టాలు డమాస్కస్ రకానివి. ఇనుప, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కాల్చి అతికి చేసేవి కాబట్టి వాటిమీద చారల నగిషీ ఉంటుంది. మన నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఉక్కుతో చేసిన కత్తుల మీద కూడా ఇటువంటి చారలే కనిపిస్తాయి గాని, అక్కడ అవి మూసలో కరిగించిన ఉక్కు లోపలి నుంచే పుడతాయి, రెండింటి తయారీకీ పోలిక లేదు. నేను అంతకుముందు అడిగిన మరొక దుకాణంలో గొట్టాలకు సాండ్‌పేపర్ పట్టి, వేడి రసాయనాల తొట్టిలో ముంచి నల్లరంగు ఎక్కిస్తామన్నారు. ఇక్కడివారు ఆ ప్రస్తావన వినగానే చేయవద్దని గట్టిగా చెప్పి, కారణాలూ చూపించారు: మధ్య పట్టీని గొట్టాలకు మెత్తని టంకంతో అతికి ఉంటారు, తొట్టిలోని క్షారం ఆ టంకాన్ని తినేస్తుంది, పట్టీ ఊడుతుంది, సాండ్‌పేపర్ పడితే ప్రూఫ్ ముద్రలు, చెక్కుడు పని రెండూ అరిగిపోతాయి. టంకం గట్టిగా ఉందో లేదో చూడటానికి గొట్టాలను వేలికి వేలాడదీసి కణుపుతో తట్టారు. కంచు గంటలా చాలాసేపు మోగింది. టంకం వదిలి ఉంటే బొంగురుగా, తెగిపోయినట్టు వినిపిస్తుందట. చివరికి నూనె పెట్టి సన్నని తీగ పీచుతో ఇంకా లోహాన్ని తింటున్న తుప్పును మాత్రమే తీశారు, పాత గోధుమ రంగును ముట్టుకోలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఠాణాలో అప్పగించవలసి రావడంతో ఎడమ గొట్టం మీద పడిన తుప్పు గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని చదును చేస్తే గోడ మందం తగ్గుతుందన్న వారి మాట సబబే.

కర్ర పనిలో వారి చేయి మరింత మెచ్చదగినది. వాల్‌నట్ కర్ర లాక్ పలక దగ్గర ఏళ్ల తరబడి నూనె పీల్చి నల్లబడి, మెత్తబడింది. సుద్దపొడిని అసిటోన్‌తో కలిపి పట్టు వేస్తూ, ఆరిన పట్టును దులిపి మళ్లీ వేస్తూ ఆ నూనెను బయటికి లాగారు. తరువాతనే పగులు అతికి, ఎర్రరంగునిచ్చే రతన్‌జోత్ వేరు నానబెట్టిన అవిసె నూనెను అరచేతితో పలుచగా, పొర ఆరాక పొరగా రుద్దారు. మందమైన వార్నిష్ ఇవ్వలేని లోతైన ఎర్రని నిగారింపు కర్రలో కనిపిస్తున్నది. పగులు అతికిన చోటు చెబితే తప్ప తెలియదు. ప్రతి స్క్రూ గాడికీ సరిపోయేలా స్క్రూడ్రైవర్ మొనను అరగదీసి వాడటం వల్ల ఒక్క స్క్రూ తల కూడా చెడలేదు, పాత మరమ్మతుల్లో చెడినవి మాత్రం అలాగే ఉన్నాయి.

లోపాలు కూడా చెప్పాలి. చెప్పిన గడువుకు పని పూర్తి కాలేదు, ఆలస్యమవుతుందని వారంతట వారు కబురు చేయలేదు. ఖర్చు రంగు వేసి ఇచ్చే దుకాణాలకన్నా బాగా ఎక్కువ. అన్నిటికన్నా నాకు అసంతృప్తి కలిగించినది, ఇంత శ్రమపడి తేల్చిన గుర్తింపు వివరాలను కాగితం మీద రాసి ఇచ్చే అలవాటు వారికి లేకపోవడం. అడిగితే గొట్టాల గోడ మందం, లోపలి కొలతలు ఒక చీటీ మీద రాసి ఇచ్చారు. పని అప్పగించేటప్పుడే ముద్రల ఫోటోలు, కొలతలు, చేసిన పనుల జాబితా కావాలని పట్టుబట్టడం మంచిది.

ఈ తుపాకిని కాల్చవచ్చా అని అడిగితే వారు వద్దన్నారు. గొట్టాలపై ఉన్నది పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) పరీక్ష ముద్ర మాత్రమే, ఇప్పటి తూటాల్లో వాడే పొగరాని నైట్రో మందుకు పరీక్షించిన గుర్తు లేదు. తూటా గది 65 మిల్లీమీటర్లది. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో దూరుతుంది గాని, పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. హ్యామర్లు, స్ప్రింగులు ఇప్పుడు చక్కగా పనిచేస్తున్నాయి కాబట్టి తూటా లేకుండా ఉత్తగా ట్రిగ్గర్ నొక్కి చూడకుండా ఉండేందుకు రెండు డమ్మీ తూటాలు ఇచ్చి, బీరువాలో పెట్టేటప్పుడు తోలు సంచిలో ఉంచవద్దని, తోలు తేమను పట్టి ఉంచుతుందని చెప్పి పంపారు.