బెంగళూరులో బండి పార్టులు పౌడర్ కోటింగ్‌కి ఇస్తున్నారా? ముందు ఇది చదవండి

పౌడర్ కోటింగ్ అంటే రంగు పొడిని చల్లి, ఓవెన్‌లో వేడి పెట్టి పొరలా అంటించడం. ఆ పనికి పీణ్య వైపు ఒక షాపులో నా పల్సర్ ఛాసిస్, రెండు అల్లాయ్ వీల్స్ ఇచ్చి చేతులు కాల్చుకున్నాను. పేరు రాయను, ఆ గొడవలు నాకొద్దు. వాళ్లేం చేశారో చెప్తాను. మీరు ఇచ్చిన చోట కూడా అదే జరుగుతోందేమో చూసుకోండి.

బండి 2010లో కొన్నది. 2017లో నీలం రంగు పౌడర్ కోటింగ్ చేయించాను, అది అంచుల దగ్గర పెచ్చులు లేచింది. పదిహేనేళ్లు నిండాయి కాబట్టి ఆర్సీ రెన్యువల్‌కి వెళ్లేలోపు మళ్లీ నల్లగా చేయిద్దామనుకున్నాను. ఓనర్ చిత్తూరు జిల్లా వైపాయన. "మనోళ్లు కదన్నా, టెన్షన్ పడొద్దు. పాతదంతా పీకేసి, బ్లాస్టింగ్ కొట్టి, కొత్తది వేసిస్తాం" అన్నాడు. (బ్లాస్టింగ్ అంటే ఇసుక లాంటి గరుకు పొడిని గాలి ప్రెషర్‌తో కొట్టి పాత రంగు, తుప్పు వదిలించడం.) తెలుగు వినబడేసరికి నేను బేరం కూడా ఆడలేదు. తొమ్మిదిన్నర వేలు, అందులో సగం అడ్వాన్స్. ఊరు కాని ఊళ్లో మన భాష ఎంత ఖర్చు పెట్టిస్తుందో!

డెలివరీ రోజు చూస్తే నిగనిగలాడిపోతోంది. నేనూ మురిసిపోయి మిగతా డబ్బు అక్కడికక్కడే ఇచ్చేశాను.

మర్నాడు మా మెకానిక్ చక్రానికి కొత్త బేరింగులు వేస్తున్నాడు. మామూలుగా అది గట్టిగా కూర్చోవాలి, సుత్తితో నెమ్మదిగా కొడుతూ దించాలి. ఈయన బేరింగ్ అంచు మీద పెట్టి బొటనవేలితో తోశాడు. జారి లోపలికి వెళ్లిపోయింది. చక్రం బోర్లా తిప్పితే మళ్లీ అరచేతిలో పడింది. "సార్, ఈ చక్రంతో బండి నడపొద్దు" అన్నాడు. లోపలి గోడ వేలితో తడిమితే గరుకు కాగితంలా ఉంది.

షాపుకి వెళ్లి అడిగితే ఓనర్ బేరింగే నకిలీదన్నాడు. పక్కనున్న పనివాడు మాత్రం పాపం అమాయకంగా, "రాత్రంతా తొట్టిలో నానబెట్టాం సార్" అన్నాడు. ఆ తొట్టిలో ఉన్నది వేడి కాస్టిక్ సోడా. ఇనుముని అది పెద్దగా ఏమీ చేయదు. అల్యూమినియంని మాత్రం బుడగలు కక్కిస్తూ తినేస్తుంది. అల్లాయ్ వీల్ అంటే అల్యూమినియమే కదా. రంగుతో పాటు లోహం కూడా కరిగిపోయింది. రెండు చక్రాలూ తుక్కు. జేసీ రోడ్డులో వేరేవి కొన్నాను.

అక్కడితో పీడ పోయిందనుకుని ఆర్టీవో ఆఫీసుకి వెళ్లాను. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే నల్లటి మరక పడింది తప్ప ఒక్క అంకె రాలేదు. నంబరు కనబడేలా చేసుకుని రమ్మన్నారు.

ఇంటికొచ్చి పెయింట్ రిమూవర్ జెల్ పూసి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి అరగంట ఆగాను. (బాల్కనీలో, గ్లవ్స్ వేసుకుని చేయండి. ఆ వాసన పీల్చకూడదు.) నల్ల పొర పాల మీద మీగడలా ముడతలు పడి లేచింది. గీకితే కింద నా పాత నీలం! ఇంకాస్త గీకితే కంపెనీ నలుపు. అంటే ఛాసిస్ మీద పాతది పీకనే లేదు, పైపైన గరుకు కాగితం రుద్ది కొట్టేశారు. పౌడర్ కరెంటు చార్జితో లోహానికి అంటుకుంటుంది. మధ్యలో పాత పొరలుంటే ఆ పట్టు తగ్గుతుంది, మందం మాత్రం పెరుగుతుంది. ఒక ఫ్రెండ్ పొర మందం కొలిచే గేజ్ పెట్టి చూస్తే 230 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మామూలుగా ఒక పొర 60 నుంచి 80 ఉంటే చాలు. అంకెలు పూడిపోక ఏమవుతాయి?

పీకాల్సిన దాన్ని పీకలేదు, పీకిన దాన్ని నాశనం చేశారు.

కాబట్టి పార్టు చేతిలో పెట్టేముందే "పాతది ఎలా తీస్తారు?" అని అడగండి. ఇనుముకి ఒక జవాబు, అల్యూమినియంకి ఇంకో జవాబు రావాలి. రెండింటికీ ఒకటే తొట్టి అంటే వచ్చేయండి. అల్లాయ్‌ని కాల్చి తీస్తామన్నా ఒప్పుకోకండి. కొత్త పౌడర్‌ని ఓవెన్‌లో 200 డిగ్రీల దాకా పెట్టడం మామూలే, కానీ పాతది కాల్చడానికి 400 దాకా పోతారు. ఆ వేడికి అల్లాయ్ బలం పోతుంది, పైకి ఏమీ తెలియదు. అల్లాయ్‌కి సన్నటి ఇసుకతో, తక్కువ ప్రెషర్‌తో బ్లాస్టింగ్ కొట్టేవాళ్లని చూసుకోండి. బేరింగ్ కూర్చునే చోట్లు, మరలు, ఛాసిస్ నంబరు టేపుతో కప్పుతారా అని కూడా అడగండి. బ్లాస్టింగ్ అయిన రోజే కోటింగ్ పడాలి. ఈ వానల్లో ఇనుముని రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు పట్టేస్తుంది.

ఓనర్ ఫ్రీగా మళ్లీ చేసిస్తానన్నాడు, దండం పెట్టి వచ్చేశాను. బోలెడంత బతిమాలితే రెండు వేలు వెనక్కిచ్చాడు. ఛాసిస్ ఇప్పుడు వేరే చోట ఉంది. పౌడర్ కొట్టేముందు ఫోటో పంపితేనే మిగతా డబ్బు అని చెప్పాను. నిన్న సాయంత్రం వచ్చింది. బూడిద రంగులో ఒట్టి ఇనుము, నంబరు మీద పచ్చ టేపు.