10ఎక్స్ దగ్గర దొరికిన లాభం: కెమెరా అడాప్టర్ మార్చాక

మైక్రోస్కోపు కెమెరా గొట్టంలో 0.5ఎక్స్ అడాప్టర్ (బొమ్మను సగానికి కుదించి కెమెరా మీద వేసే లెన్సు) తీసేసి, కుదించకుండా వేసే 1ఎక్స్ పెడితే లాభం ఎక్కడ వస్తుందని ఎవరినడిగినా 100ఎక్స్ ఆబ్జెక్టివ్ (స్లైడు వైపు ఉండే లెన్సు) దగ్గరే అంటారు. నాకు వచ్చింది 10ఎక్స్ దగ్గర. ఇన్ని సీజన్లు వాడాక కూడా ఆ 10ఎక్స్ బొమ్మ తెర మీద తేటపడిన ప్రతిసారీ సంతోషంగానే ఉంటుంది. అమ్మినవాళ్లు మాత్రం ఆ ముక్క చెప్పలేదు. "బొమ్మ డబుల్ అవుతుంది మేడమ్" అన్నారు, అంతే. డబుల్ అవుతుంది, నిజమే. కానీ బొమ్మ పెద్దది కావడం వేరు, అందులో కొత్తగా ఏదైనా కనబడటం వేరు.

నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు బోటనీ చెబుతాను. ఖరీఫ్ వచ్చిందంటే మా ల్యాబ్ నిండా శెనక్కాయ ఆకులే. పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఆ పంటే ఉంటుంది కాబట్టి, తిక్క ఆకుమచ్చ కనబడగానే కవర్లో పెట్టుకుని తెస్తారు. ఈ తెగులును తెచ్చేవి రెండు శిలీంధ్రాలు. ఒకటి ముందుగా వచ్చే మచ్చది, ఇంకొకటి ఆలస్యంగా వచ్చే మచ్చది. మచ్చ చుట్టూ పసుపు వలయం ఉంటే మొదటిదని, ఆకు అడుగున నల్లగా ఉంటే రెండోదని చెబుతుంటారు గానీ, వలయం ఒక్కదాన్నే నమ్ముకుని తేల్చలేం. కొనీడియా, అంటే ఆ శిలీంధ్రాల సిద్ధబీజాలు చూడాల్సిందే. మొదటిదానివి సన్నగా, పొడుగ్గా, కాస్త వంగి, దాదాపు రంగు లేకుండా ఉంటాయి. రెండోదానివి పొట్టిగా, లావుగా, ఆలివ్ ఛాయలో ఉంటాయి.

మచ్చ మీద సెల్లో టేపు అద్ది, దాన్ని స్లైడు మీది లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే నీలం రంగు చుక్కలో పెట్టి ముందు 10ఎక్స్‌లో వెతుకుతాం. 0.5ఎక్స్ అడాప్టర్ ఉన్నన్నాళ్లు ఇక్కడే చిక్కు వచ్చేది. ఐపీస్‌లో కన్ను పెడితే ఏది సన్నదో ఏది లావుదో తెలిసేది. అదే స్లైడు తెర మీద చూస్తున్న పిల్లలకు మాత్రం అన్నీ నీలం నలుసులే. ప్రతి కొనీడియాకూ 40ఎక్స్‌కు తిప్పడం, మళ్లీ వెనక్కి రావడం, ఈలోగా చూస్తున్నది తప్పిపోవడం. 1ఎక్స్ పెట్టాక 10ఎక్స్‌లోనే పిల్లలు వేలు పెట్టి "ఇది లావుది, అది సన్నది" అని చెప్పేస్తున్నారు. కొన్ని కొనీడియాల లోపలి అడ్డుగోడలు కూడా సన్న గీతల్లా తెలుస్తున్నాయి. వాటిని లెక్కపెట్టాలంటే మాత్రం 40ఎక్స్ తప్పదు.

ఇలా ఎందుకయిందో లెక్క వేసి చూశాకే నాకు నమ్మకం కుదిరింది. ఆబ్జెక్టివ్ ఎంత సన్న వివరాన్ని విడదీసి చూపగలదన్నది కాంతి తరంగదైర్ఘ్యం మీద, ఆబ్జెక్టివ్ న్యూమరికల్ అపెర్చర్ (అది ఎంత వాలు కాంతిని పట్టగలదో చెప్పే అంకె) మీద ఆధారపడుతుందని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబ్బె 1873లోనే చెప్పాడు. ఎన్ని రెట్లు పెంచామన్నది ఆ సూత్రంలో లేనే లేదు. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిలో 0.25 అపెర్చర్ ఉన్న మా 10ఎక్స్ ఆబ్జెక్టివ్ 1.1 మైక్రాన్ల దాకా విడదీస్తుంది. పది రెట్లు పెరిగాక అది 11 మైక్రాన్లు. 0.5ఎక్స్ అడాప్టర్ దాన్ని 5.5కు కుదించి సెన్సర్ మీద వేస్తుంది. మా కెమెరా 3 మెగాపిక్సెల్‌ది, సెన్సర్ అర అంగుళం రకం, ఒక్కో పిక్సెల్ 3.2 మైక్రాన్లు. ఒక వివరాన్ని పట్టాలంటే కనీసం రెండు పిక్సెళ్లు కావాలి, అంటే 6.4 మైక్రాన్లు. 5.5లో రెండు పట్టవు. లెన్సు ఇచ్చినదాన్ని కెమెరా జారవిడుస్తోందన్నమాట. 1ఎక్స్‌తో ఆ 11 మైక్రాన్లు అలాగే సెన్సర్ మీద పడతాయి కాబట్టి మూడు పిక్సెళ్లకు పైనే దొరుకుతున్నాయి.

ఇదే లెక్క 100ఎక్స్‌కు వేయండి. అపెర్చర్ 1.25, విడదీసేది 0.22 మైక్రాన్లు, వంద రెట్లు పెరిగితే 22. సగానికి కుదించినా 11. అంటే పాత అడాప్టర్‌తోనే అక్కడ కెమెరాకు అందాల్సినదంతా అందుతోంది. డెమోకు తెచ్చిన 2ఎక్స్ అడాప్టర్ కూడా ఈ 100ఎక్స్ ఆయిల్ లెన్సుతో పెట్టి చూశాం. తెర నిండా కొనీడియా వచ్చింది, దాంట్లో కొత్త గీత ఒక్కటీ రాలేదు. మూరెడు మల్లెలను బారెడు దారానికి ఎడంగా కట్టినట్టు, పొడవు పెరిగింది, పూలు అవే. పైగా 0.5ఎక్స్‌తో పోలిస్తే సెన్సర్ మీద పడే వెలుతురు పదహారో వంతుకు తగ్గిపోతుంది. ఎక్స్‌పోజర్ పెంచితే పైన ఫ్యాన్ తిరిగే అదురు కూడా బొమ్మలోకి వచ్చేస్తుంది. దాన్ని వెనక్కి పంపేశాను.

ఇప్పుడు అసలు ఇబ్బంది పెట్టిన విషయం. 1ఎక్స్ బిగించిన టెక్నీషియన్ సాఫ్ట్‌వేర్‌లోని పాత కొలతలను (ఒక్కో పిక్సెల్ ఎన్ని మైక్రాన్లో చెప్పేవి) అలాగే ఉంచి వెళ్లాడు. "అదే సెట్ చేసుకుంటుంది మేడమ్" అన్నాడు. అది సెట్ చేసుకోదు. గొట్టంలో ఏ అడాప్టర్ ఉందో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? తర్వాతి ప్రాక్టికల్లో ఒకమ్మాయి లేచి, "మేడమ్, నాది 110 మైక్రాన్లు వచ్చింది, ముందు మచ్చదని రాసేయనా?" అంది. తెర మీద ఉన్నది చూస్తే లావుగా, ఆలివ్ రంగులో, ఆలస్యపు మచ్చదే. అది మామూలుగా 20 నుంచి 70 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 110 అనేది ముందు మచ్చవాటి పొడవుకు సరిపోయే అంకె, అందుకే ఆ అమ్మాయి అలా అడిగింది. వెడల్పు కూడా కొలవమన్నాను. 14 వచ్చింది. ఈ రెండు శిలీంధ్రాల్లో దేనికీ అంత వెడల్పు ఉండదు. వెంటనే స్టేజ్ మైక్రోమీటర్ (తెలిసిన కొలతకు గీతలు గీసిన స్లైడు) పెట్టించాను. 10 మైక్రాన్ల గడిని సాఫ్ట్‌వేర్ 20 అని చూపిస్తోంది. పొడవు ఒక్కటే కొలిచి ఊరుకుని ఉంటే, రికార్డుల్లో ఒక తెగులు ఇంకో తెగులుగా ఎక్కిపోయేది. సంతకం పెట్టే రికార్డులో అలాంటిది పడితే నాకు నిద్ర పట్టదు. అడాప్టర్ మార్చినవాళ్లు ప్రతి ఆబ్జెక్టివ్‌కూ కొలత మళ్లీ పెట్టుకోవాలి. మా కెమెరాలో 10ఎక్స్, 1ఎక్స్ కలిస్తే 10 మైక్రాన్ల గడి సుమారు 31 పిక్సెళ్లు రావాలి. 15, 16 వస్తున్నాయంటే ఇంకా 0.5ఎక్స్ ఉందని అర్థం.

ఫోకస్ సంగతి కూడా అమ్మినవాళ్లు చెప్పి ఉండాల్సింది. మొదట్లో ఐపీస్‌లో స్పష్టంగా ఉంటే తెర మీద మసకగా ఉండేది. 40ఎక్స్‌లో ఐపీస్‌తో ఫోకస్ చేసి, స్టేజిని కదపకుండా 4ఎక్స్‌కు తిప్పి, అడాప్టర్ రింగును తెర చూస్తూ సరిచేస్తే అన్నిటికీ కుదిరింది. ఎందుకో చిన్న ఆబ్జెక్టివ్ దగ్గర సరిచేయమంటే చాలామంది నమ్మరు. కెమెరా వైపు ఫోకస్ పట్టు బిగుతుగా ఉండేది అక్కడే.

పైన అంత మెచ్చుకున్నాను గానీ, 1ఎక్స్‌తో చూసే మేర బాగా తగ్గుతుంది. 10ఎక్స్‌లో ఇదివరకు తెర మీద 1.3 మిల్లీమీటర్ల వెడల్పు కనబడేది, ఇప్పుడు 0.65. ఆకు అడ్డకోత మొత్తం ఒక్క ఫొటోలో కావాలంటే ఇది పనికిరాదు. ఫస్టియర్ పిల్లల కాండం సెక్షన్లకు పాత 0.5ఎక్స్‌నే మళ్లీ బిగిస్తున్నాను. అలా మార్చేటప్పుడే దుమ్ము పడుతుంది. ఆషాఢం గాలి వీచే రోజుల్లో మా ఊళ్లో కిటికీ తెరిచి కెమెరా విప్పకూడదు. సెన్సర్ అద్దం మీద పడ్డ నలుసు 1ఎక్స్‌తో ఇంకా గట్టిగా కనబడుతుంది.

కర్నూలులో డయాగ్నస్టిక్ ల్యాబ్ నడిపే మా తమ్ముడు "అక్కా, మలేరియా స్లైడ్లకు నేనూ తీసుకోనా?" అని అడిగాడు. వద్దన్నాను. వాడు రోజంతా కూర్చునేది 100ఎక్స్ మీదే, వాడి కెమెరా కూడా మాలాంటిదే, అక్కడ 0.5ఎక్స్ చాలు. మీ కెమెరా పిక్సెల్ 2 మైక్రాన్ల లోపు ఉన్నా 10ఎక్స్‌కు కూడా 0.5ఎక్స్ సరిపోతుంది. మాలాగా కాస్త పెద్ద పిక్సెల్ ఉన్న పాత కెమెరా, ఎక్కువగా 4ఎక్స్, 10ఎక్స్‌లతో పని, తెర మీద పిల్లలకు చూపించాల్సిన అవసరం, ఈ మూడూ ఉంటే 1ఎక్స్ తీసుకోండి. స్టేజ్ మైక్రోమీటర్ లేకపోతే దాన్ని ముందు కొనండి.